టార్గెట్ వెనక పెన్సిల్ రాత

ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. 1987 మార్చిలో రెండు టార్గెట్ కాగితాల వెనక పేర్లు చెరిపి, అటుది ఇటు, ఇటుది అటు రాసింది నేనే. రోజూ డైరీ రాసే అలవాటున్నా ఆ తేదీ కింద "ఎండ ఎక్కువ" అని మాత్రమే రాసుకున్నాను.

అంతకు ముందు జూన్‌లో, ఇరవై మూడేళ్ళ వయసులో, కాలేజీ అమ్మాయిలకు రైఫిల్ శిక్షణ ఇచ్చే ఒక కార్యాలయంలో జూనియర్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాను. పోస్టింగ్ గుంటూరు. కార్యాలయం పేరు రాయను. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదని ఫైరింగ్ రోజుల్లో స్కోరరు పని అప్పగించేవారు. పాయింట్ టూ టూ రైఫిల్, పాతిక మీటర్ల దూరం, మనిషికి ఐదు గుళ్ళు. ఐదు రంధ్రాలూ ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడ్డాయో కొలుస్తాం. దాన్ని గ్రూపింగ్ అంటారు. రైఫిళ్ళు ఖాళీ అని తేల్చుకున్నాక నేను వెళ్ళి కాగితాలు విప్పి, వెనక పెన్సిల్‌తో పేరు రాసి, గ్రూపు కొలిచేదాన్ని. పై అధికారి చూశాకే సిరాతో రాయడం.

శిక్షణ ఇచ్చేది హవల్దార్ కోటయ్య గారు. కనిగిరి వైపు మనిషి, సైన్యంలో స్నైపర్‌గా పనిచేసి వచ్చారు. రిజిస్టరు కింద పెట్టుకుని నేను యుద్ధ చరిత్రలు చదవడం ఆయన ఒక్కరే కనిపెట్టారు. స్నైప్ అంటే ఉల్లంకి పిట్ట అనీ, వంకరటింకరగా ఎగిరే ఆ పిట్టను కొట్టగల వేటగాడి నుంచి స్నైపర్ అనే పేరొచ్చిందనీ చెబితే నవ్వారు.

"పిట్ట సంగతి నాకు తెలీదు మేడమ్ గారూ. మా పక్కన దుర్భిణీ పట్టుకుని ఇంకొకడు పడుకుంటాడు. అబ్జర్వర్. గుండు ఎక్కడ పడిందో చూసింది చూసినట్టు చెప్పాలి వాడు. మొహమాటపడి అబద్ధం చెప్పాడా, రెండో గుండు కాల్చేది అవతలివాడే."

మా రేంజి చిలకలూరిపేట దగ్గర. పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లుల నుంచి ఎగిరొచ్చి తుమ్మకంపకు పట్టుకున్న దూది పింజలు చూపించి ఆయన గాలి చదవడం నేర్పేవారు. ఎనిమిది వందల మీటర్లకైతే ఆ పింజ ఊగేపాటి గాలికే గుండు మనిషిని తప్పి పోతుందనీ, మన పాతిక మీటర్లకు గాలి లెక్కే కాదనీ, గురి తప్పితే తప్పు మనదేననీ ప్రతి బ్యాచికీ చెప్పేవారు.

ఆ ఏడు అందరికన్నా బాగా కాల్చింది సువార్త. తల్లితోపాటు సెలవుల్లో మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్ళే పిల్ల. వేళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి.

"ఆ కారం చేతుల్తో పట్టుకుంటే రైఫిల్ తుమ్ముతుందే!" అని పక్క అమ్మాయిలు ఏడిపించేవారు.

"తుమ్మనీవే, నల్లచుక్కలో తుమ్మితే చాలు" అనేది.

మిరప ఘాటులో దగ్గు ఆపుకోవడం అలవాటైన పిల్లకు ఊపిరి బిగబట్టడం వేరే నేర్పక్కర్లేదనేవారు కోటయ్య గారు. రాష్ట్ర పోటీలకు వెళ్ళే జట్టులో ఒక్క ఖాళీ ఉంది. ఆ సర్టిఫికెట్ ఉంటే వ్యాయామ టీచర్ల ట్రైనింగులో సీటు వచ్చేది. సువార్తకు తొడిమల గంప నుంచి బయటపడే దారి అదొక్కటే.

ఎంపిక రోజు ఆమె ఐదు రంధ్రాలనూ ఒక్క రూపాయి బిళ్ళతో కప్పేశాను. రెండో స్థానం పై అధికారి మేనకోడలిది. ఆ అమ్మాయి గ్రూపు అరచేయంత. మధ్యాహ్నం ఆయన నన్ను గదిలోకి పిలిచి రెండు కాగితాలూ తిరగేశారు.

"పెన్సిలే కదమ్మా ఇంకా" అన్నారు. రబ్బరు నా వైపు జరిపారు. బెదిరించలేదు. నా ప్రొబేషన్ కాగితం ఆయన బల్ల మీదే ఉంది. కాదనడానికి మాట వెతుక్కుంటూనే చెరిపేశాను.

సాయంత్రం కోటయ్య గారు ఆ కాగితాలను వెలుతురుకు పెట్టి చూశారు. రబ్బరు రుద్దిన చోట కాగితం పలచబడింది. మడిచి నా చేతికిచ్చి వెళ్ళిపోయారు. మళ్ళీ ఎప్పుడూ పుస్తకాల ఊసెత్తలేదు.

ఆ ఉద్యోగంలో ముప్పై ఏళ్ళకు పైగా ఉండి, ఇన్‌స్ట్రక్టర్లకు ఇన్‌స్ట్రక్టర్‌నై రిటైరయ్యాను. స్కోరరు పెన్సిల్ వాడకూడదనీ, రైఫిళ్ళు దింపగానే కాల్చినవాళ్ళ ఎదుటే సిరాతో పేరు రాయాలనీ నా కింది వాళ్ళకు నిబంధన పెట్టాను. దానివల్ల సువార్తకు ఒరిగింది లేదు. నోరు లేనివాళ్ళు అన్యాయం చేయలేరని లోకం అనుకుంటుంది. వాళ్ళ చేత చేయించడమే సులువు.

ఆ ఏడు జట్టు జాబితా అంటించిన రోజు సువార్త నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, ఆ రోజు గాలి ఎక్కువగా ఉందమ్మా అన్నాను. ఆ రోజు తర్వాత ఆమె శిక్షణకు రాలేదు. మళ్ళీ నాకు కనిపించలేదు.

"పాతిక మీటర్లకి గాలేంటి మేడమ్?" అంది, ఆ రోజు వెళ్ళబోయే ముందు.