సగం జట్టుతో అరవై దాటినవాడు

మా పొరుగింటి తమ్ముడు పోయాడు. మొన్న పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి, గోడకి ఆనుకున్నవాడు మళ్ళీ లేవలేదు. గుండె. అంబాజీపేటలో ఎండిన కురిడీ కొబ్బరి బేరాలు చేసేవాడు. చుట్టరికం లేకపోయినా నేను తమ్ముడన్నాను, అతను అన్నయ్యగారన్నాడు.

అరవై దాటినవాడికి ఇంత దుఃఖమా అనుకుంటారేమో. వాళ్ళింట మగాళ్ళు యాభై చూడలేదు. తాత, తండ్రి, పెదనాన్న, అందరూ గుండె పట్టుకునే పోయారు. వీధంతా కొబ్బరి మీద నేరం మోపింది. అతను నవ్వేవాడు. "కొబ్బరి తింటే పోయేలాగుంటే, కోనసీమలో ఓటెయ్యడానికి ఎవరు మిగుల్తారండీ?"

అసలు సంగతి మడమ దగ్గర బయటపడింది. మడమ వెనక నరం మోకులా లావెక్కి, గడ్డలు కట్టి, చెప్పుల పట్టీకి ఒరుసుకునేది. కొత్త జత కొనగానే కత్తితో వెనక పట్టీ కోసేసేవాడు. ఛాతీలో నొప్పని వెళితే, అమలాపురం డాక్టరుగారు ముందు ఆ మడమలే పట్టుకు చూశారట.

తిరిగొచ్చి నాకు తన వ్యాపారభాషలో చెప్పాడు.

"నెత్తుట్లో కొవ్వు లారీల్లాగా తిరుగుద్దండీ. కాలేయంలో కణాల పొర మీద ఓ ప్రొటీనుంటాది. సరుకు దింపి లోపలికి లాక్కునే హమాలీ జట్టనుకోండి. మాకు పుట్టుకతోనే సగం జట్టు. దిగని సరుకు రోడ్డు మీదే పేరుకుపోద్ది."

"రోడ్డంటే?"

"గుండెకెళ్ళే నాళాలండీ. మడమల్లో గడ్డలూ ఆ సరుకేనంట."

ఆ ప్రొటీన్ని గ్రాహకం అంటారని తరవాత ఏదో పుస్తకంలో చదివాను. హమాలీ జట్టు ముందు ఆ మాట వెలవెలబోయింది. అతను మాత్రం మాత్రలు ఒక్కపూట మానలేదు.

ఆ తెలివిడే ఇంటిని విరిచింది. మామిడికుదురులో ఉన్న చెల్లెలి కూతుర్ని తన కొడుక్కి చేసుకోవాలని ఉయ్యాల నాడే అనుకున్నారు. ఇతను పిల్లలిద్దరికీ పరీక్షలు చేయించాడు. ఇద్దరికీ సగం జట్టే. రెండువైపుల లోటూ కలిస్తే, పుట్టే బిడ్డకి అసలు జట్టే లేకపోవచ్చు, పసితనంలోనే గుండె దెబ్బతినవచ్చు అన్నారు డాక్టరుగారు. చెల్లెలికి ఆ మాట చెప్పిననాడు నేనక్కడే ఉన్నాను.

"నా పిల్లకి లోపమా? దాంది నా పుట్టింటి నెత్తురు కాదా అన్నయ్యా?"

"అందుకేనే తల్లీ. నువ్వూ చూపించుకో. నీ మడమలు..."

"నా మడమల జోలికి రాకు. పిల్ల వద్దని చెప్పు, చాలు."

పెళ్ళి ఆగింది. పిల్లలిద్దరికీ వేరే సంబంధాలు కుదిరాయి. చెల్లెలు మాత్రం మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదు. మేనకోడలు మందులకని అమలాపురం వచ్చినప్పుడల్లా ఇతను వెళ్ళి బస్టాండులో నిలబడేవాడు.

"ఈసారైనా మీ అమ్మని తీసుకొచ్చేవేమోనని చూసేను."

"రానంటాది మావయ్యా. ఆ డాక్టరు పేరెత్తితే కంచం తోసేస్తాది."

నా అరుగు మీద కూర్చుని అనేవాడు. "దాని కోపం దిగక్కర్లేదండీ. ఆ ఆసుపత్రి మెట్లెక్కితే చాలు. ఆయ్."

మొన్న ఆ చెల్లెలు వచ్చింది. ఏడవలేదు. కాళ్ళ దగ్గర కూర్చుని, బట్ట తప్పించి, అతని మడమలు రెండు చేతులా పట్టుకుంది. కూతురు లేవదీయబోతే, "ఉండవే" అంది. కాసేపయ్యాక, తల ఎత్తకుండానే, "ఆ డాక్టరు రేపుంటాడా?" అని అడిగింది.

నేను బయటికొచ్చేశాను. గుమ్మం పక్కన తమ్ముడి చెప్పులు విడిచిన చోటే ఉన్నాయి. వాటికి ఆనుకుని ఆమె చెప్పులు. వాటికీ వెనక పట్టీలు లేవు. కోసిన అంచులు ఎప్పుడో అరిగి నునుపెక్కాయి.