చివరి గుంతలో ఎండు రొయ్య

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. మల్కాపురంలో పెరిగినవాడిని. రాత్రంతా రిఫైనరీ మంట వెలుగుతూనే ఉంటుంది కాబట్టి మా వైపు దెయ్యానికి సరైన చీకటే దొరకదు.

విశాఖలో నా పరిశోధన క్రిల్ మీద. అంటార్కిటికా సముద్రంలో ఉండే, రొయ్యలాంటి చిన్న ప్రాణి అది. ఒంట్లో బరువైన నైట్రోజన్ ఎంతుందో కొలిస్తే ఎవరు ఎవరిని తిని బతికారో తెలుస్తుంది. తినేవాడిలో ఎక్కువ, తిండిలో తక్కువ. క్రిల్‌నీ, దాన్ని తినే సీల్ అనే సముద్ర జంతువు మీసాలనూ పొడి చేసి, తగరపు రేకులో పొట్లం కట్టి, తొంభై ఆరు గుంతల ట్రేలో పెట్టాను. యంత్రం వాటిని కాల్చి అంకెలిస్తుంది. కాలింది మళ్లీ రాదు. ఓడ మీద వచ్చిన నా నమూనాలన్నీ ఆ ఒక్క ట్రేతో సరి.

పొట్లాలు తొంభై నాలుగు. మొదటి గుంత, చివరి గుంత ఖాళీగా వదిలాను. యంత్రంలోకి దించింది నా తోటి విద్యార్థి రమణ.

ఫలితాల ప్రకారం క్రిల్లే సీళ్లను తింటోంది.

“ట్రే తిరగేసి ఇచ్చినావేటి బావా?” అన్నాడు రమణ.

అయ్యుండొచ్చు. అలాగైతే చివరి గుంత మొదటిదై, వరసంతా తారుమారవుతుంది. మా గైడ్ మేడమ్ ఒప్పుకోలేదు. “నచ్చలేదని తిప్పేయడానికి ఇదేం దోశ కాదు. రుజువుంటే చూపించు, లేకపోతే మొత్తం పక్కన పెట్టు.”

మొత్తం అంటే నా మూడేళ్లు.

రమణ ఫలితాల్లో మొదటి గుంత అంకెల మీద వేలు పెట్టాడు. “ఖాళీ అన్నావు, దీనికి అంకెలెలాగొచ్చాయి? నాను దించినప్పుడు పొట్లం ఉంది కదేటి.”

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఉత్సాహంతోనే అని ఇప్పటికీ అంటాను. మా పాత టెక్నీషియన్ సన్యాసిరావు గారు, ట్రే తిరగబడితే తెలియడానికి, ఆఖరి గుంతలో పూర్ణా మార్కెట్ ఎండు రొయ్యల పొడి పెట్టేవారు. “పులుసెప్పుడండీ?” అని ఏడిపించేవాడిని. నిరుడు గుండెపోటుతో పోయారు.

పాత రికార్డులు తీశాం. ఆయన రొయ్య అంకెలూ, ఇవీ దాదాపు ఒకటే. ట్రే తిరగబడిందని తేలింది. వరస సరిచేయగానే సీళ్లు మళ్లీ క్రిల్‌ని తినడం మొదలుపెట్టాయి. నేనూ రమణా ల్యాబులో గెంతాం. మేడమ్ కళ్లద్దాలు తీసి మరీ నవ్వారు.

గెంతులయ్యాక ఆలోచన మొదలైంది. పొట్లాలు తూచే త్రాసు ప్రతి తూకాన్నీ తనే నమోదు చేసుకుంటుంది. అందులో తొంభై నాలుగే ఉన్నాయి. రమణ చేరి నాలుగు నెలలు, ఆ రొయ్య పద్ధతి సంగతే వాడికి తెలీదు. రొయ్యల సీసా అంటారా, ఆయన పోయిన నెలకే కడిగి టీపొడి పోసుకున్నాను.

పేపరు జర్నల్‌కి పంపేటప్పుడు ఎవరి పని ఏమిటో రాయాలి. సన్యాసిరావు గారి పేరు చేర్చాను.

“ఈ ట్రేకి ఆయనేం చేశారు?” అన్నారు మేడమ్.

తెలీదన్నాను. ఆవిడ పేరు కొట్టేయలేదు. దాని ఎదురుగా ఏం రాయాలో మా ఇద్దరికీ ఇంకా తోచలేదు.