పొయ్యి వెలిగించడానికి రిపోర్టెందుకు?

మా మేడమ్ గారు పోయారు. మంగళవారం పొద్దున్నే వాళ్ళాయన ఫోన్ చేసి, "నిద్రలోనే పోయిందయ్యా" అన్నారు. గుంటూరులో నీళ్ళు పరీక్ష చేసే మా ల్యాబ్‌కి ఆమే పెద్ద. నాకు పని నేర్పిందీ ఆమే. ఫోన్ పెట్టేశాక కూడా, ల్యాబ్‌కి వెళ్తే తిడుతూ ఎదురొస్తారనే అనిపించింది.

మీరు ఆమెను చూసి ఉండరు. పెళ్ళి భోజనాల్లో కూడా గ్లాసు వాసన చూడనిదే గుక్క తాగేవారు కాదు. పిలిచినవాళ్ళ మొహాలు మాడిపోయేవి, పక్కన కూర్చున్న నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. "వాసనకి వైరస్ తెలుస్తుందా మేడమ్?" అని ఒకసారి ఆటపట్టించాను.

"తెలీదు. క్లోరిన్ వేశారో లేదో తెలుస్తుంది. వెయ్యకపోతే నీ పేరు చెప్పి పోట్లాడతాను" అన్నారు. అన్నంత పనీ చేసేవారు.

నీళ్ళలో వైరస్‌ని పట్టుకోవడం ఓపికతో కూడిన పని. డ్రమ్ముల కొద్దీ నీళ్ళు వడకట్టి, చివరికి మిగిలిన కాసిని చుక్కల్లో వెతకాలి. మేం విసుక్కుంటే, "చెంబుడు నీళ్ళలో కనపడలేదంటే లేదని కాదయ్యా, మనం చెంబుడే వెతికామని" అనేవారు.

ఒక ఏడాది మిరపకోతలప్పుడు మార్టూరు అవతల ఒక ఊళ్ళో వరసగా పచ్చకామెర్లు వచ్చాయి. ఊరివాళ్ళు పంపిన నీళ్ళలో మాకేమీ దొరకలేదు. మేం అక్కడితో వదిలేద్దామన్నాం. ఆమె వినలేదు, మమ్మల్ని జీపెక్కించి బయల్దేరారు. మొదటి ఇంట్లోనే సంగతి తేలిపోయింది. ఇంటావిడ కుర్చీ వేసి, మినరల్ వాటర్ క్యాన్‌లోంచి నీళ్ళు వంచి తెచ్చింది.

"మాకు పంపింది కూడా ఈ నీళ్ళేనా అమ్మా?"

"అవునండీ. ఆఫీసుకి పోయే నీళ్ళు గదా, కుళాయివి పంపితే ఏం బాగుంటదండీ? క్యాన్ చుట్టాలకి. మేం కుళాయివే తాగుతాం."

మేడమ్ గారు నవ్వలేకా కోప్పడలేకా, "మా తల్లే! మాకు మర్యాదలొద్దు, మీ కుళాయి చూపించు" అన్నారు.

అంతలో పురిటికి పుట్టింటికొచ్చిన కూతురు, నెలలు నిండిన మనిషి, కుళాయి కింద చెంబు పట్టి నోటిదాకా ఎత్తింది. మేడమ్ గారు ఒక్క అంగలో వెళ్ళి ఆ చెంబు లాక్కున్నారు. నీళ్ళ వల్ల వచ్చే కామెర్లలో ఒక రకం కడుపుతో ఉన్నవాళ్ళ ప్రాణం మీదికి తెస్తుంది. అది ఈ ఊళ్ళో ఉందో లేదో అప్పటికి మాకు తెలియదు.

"కాచి తాగించాలమ్మా, ఇవాళ్టి నుంచే."

"తెల్లారేసరికి చేలో ఉండాలండీ మేము. మీ రిపోర్టు రానీండి, అట్టాగే కాస్తాం."

"పొయ్యి వెలిగించడానికి రిపోర్టెందుకే?" అంటూ ఆమే వంటింట్లోకి నడిచారు. గ్యాస్ వెలిగించి గిన్నె ఎక్కించారు. బయట మా డ్రమ్ములు నిండుతుంటే, ఆమె చెమటలు కారుతున్నా పొయ్యి ముందు నుంచి కదల్లేదు. "ఇట్టా బుడబుడా మరగాలి, చూశావా?" అని తల్లికీ కూతురికీ చూపించాకే బయటికొచ్చారు.

మేం భయపడిన వైరస్సే ఆ నీళ్ళలో దొరికింది. మురుక్కాలవలో పగిలిన మంచినీళ్ళ పైపు మార్చారు. ఆ అమ్మాయి క్షేమంగా బిడ్డను కన్నది. ఆ కబురొచ్చిన రోజు కూడా వైరస్ పట్టుకున్నామని మేం ల్యాబ్‌లో గంతులేస్తుంటే మేడమ్ గారు, "అది మనకి దొరికింది, సరే. ఆ పిల్ల దానికి దొరకలేదు, అదీ సంగతి" అని ముక్కు తుడుచుకున్నారు. నా ఉద్యోగం మీద నాకు ప్రేమ పుట్టింది ఆ రోజే.

అప్పటినుంచి ఏటా కొత్త కారం పట్టించగానే ఆ అమ్మాయి మేడమ్ గారికి తెచ్చిచ్చేది. అందుకే కబురు నేనే చెప్పాను. మర్నాడు మేమంతా మేడమ్ గారింట్లో కూర్చుని ఉండగా ఆ అమ్మాయి ఆటో దిగింది. చంకలో మూతకు గుడ్డ కట్టిన స్టీలు బిందె.

"పొయ్యి వెలిగించి ఉండరు గదండీ" అంటూ అందరికీ గ్లాసుల్లో నీళ్ళు పోసింది.

గ్లాసు అందుకున్న ల్యాబ్ వాళ్ళం, ఒకరిని చూసి ఒకరం కాదు, అందరం ఒకేసారి దాన్ని ముక్కు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆ అమ్మాయి చూసి, ఏడుస్తూనే నవ్వింది.

"బుడబుడా మరిగాకే దించానండీ. చల్లారేదాకా ఆగలేకపోయాను."

నీళ్ళు ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి.