నక్షత్రం గుర్తు నేర్పిన పాపం

ముందే ఒప్పేసుకుంటున్నాను. నా నోట్లో పడ్డ చీమ ఏనుగై బయటికొస్తుంది. ఇందులో సగం కొట్టేసి చదువుకోండి. ఏ సగమో మీ ఇష్టం.

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన, టైర్ల షాపు మీద గదిలో సాయంత్రాలు పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్పుతుంటాను. గూడ్సు బండి వెళ్లినప్పుడల్లా కంప్యూటర్లు ఆ మూల నుంచి ఈ మూలకు నడిచిపోతాయి. విద్యార్థులు వాటి వెనకాలే కుర్చీలు లాక్కుంటూ పోతారు.

ఫిషింగ్ హార్బర్‌లో ఐస్ ప్లాంటు కౌంటరు చూసే ఒకామె క్లాసులో చేరింది. కోల్డ్ రూము వేడెక్కితే హెచ్చరించి, ఏ పడవకు ఎన్ని ఐసు దిమ్మలు కావాలో చెప్పే ప్రోగ్రాం రాయాలని ఆమె పట్టుదల. అది నడిస్తే మిషన్ల గదిలో పని ఇస్తానన్నాడు ఓనరు.

దిమ్మను ముక్కలు చేసి అమ్మరు కాబట్టి లెక్కను పై అంకెకు పెంచాలి. అలాంటి పనిముట్లన్నీ ఉన్న లెక్కల పెట్టె పైథాన్‌లో ఒకటుంది. కావలసిన పనిముట్టును పేరుపెట్టి తీసుకోవడం పద్ధతి. ఒక్క నక్షత్రం గుర్తు పెడితే మాత్రం పెట్టె మొత్తం ప్రోగ్రాంలో బోర్లా పడుతుంది. కొత్తవాళ్లకు హాయి. నేను నక్షత్రమే నేర్పాను. మొదటి రోజే జవాబొచ్చింది. ఆమె నవ్విన నవ్వుకు టైర్ల షాపువాడు పైకొచ్చి పెళ్లెవరికని అడిగాడు.

తర్వాత చిక్కొచ్చింది. ప్లాంటు మీటరు మీద ఉన్నట్టే, ప్రోగ్రాంలో వేడి అంకెను దాచుకునే చోటుకు ‘డిగ్రీస్’ అని పేరు పెట్టుకుంది. లెక్కల పెట్టెలోనూ అదే పేరుతో ఓ పనిముట్టుంది. ప్రోగ్రాం మధ్యలో నక్షత్రం పెట్టగానే ఆ పనిముట్టు ఈమె డిగ్రీస్‌ను తోసేసి కూర్చుంది. తెరంతా ఎర్రటి తిట్లు. తప్పెక్కడుందో ఆమె వారమంతా వెతుక్కుంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా బావ, టీ తాగడానికొచ్చి అది చూశాడు.

“ఏటి బావా, కొత్తోళ్లకి నక్షత్రం నేర్పేవా? మాన్పించాల్సింది ముందు దాన్నే కదేటి!”

“పోయినసారి పద్ధతిగా నేర్పితే సగం మంది మెట్లు దిగిపోయారు బావా.”

“దిగితే దిగనీ! ఇలా నేర్సుకున్నోళ్లొచ్చి మా ఆఫీసులో నా పీక మీద కూకుంతన్నారు!”

ఆ అరుపుకు పోర్టులో ఓడలు తిరిగి కూత పెట్టాయి. ఆమె చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది.

“అంటే తప్పు నాది కాదా మాస్టారూ?”

“కాదమ్మా.”

“ఇలా అవుతాదని మీకు ముందే తెల్సా?”

“తెలుసు.”

“తెల్సే నేర్పేరా? వారం నుంచి నాకు బుర్ర లేదనుకుంతన్నాను. మానేద్దారని మా ఇంట్లో సెప్పేసేను కూడా!”

“ముందు ఇష్టం పుట్టాలి, లోపం తర్వాత తెలియాలి. అందుకే చెప్పలేదమ్మా” అన్నాను గంభీరంగా. బావ కూడా కళ్లు తుడుచుకున్నాడు.

ఇదిగో, కల్పించింది ఇదే. కంప్యూటర్ల నడక, ఓడల కూత నేను కాస్త ఊదినవి. ఆ జవాబు మాత్రం పచ్చి అబద్ధం. అప్పుడు నేను చేసిందల్లా లేచి కుర్చీలు సర్దడమే. బావ టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. ఆమె నక్షత్రం చెరిపేసి, కావలసిన ఒక్క పనిముట్టు పేరూ నన్నడిగి రాసుకుని, ప్రోగ్రాం నడిపించుకుంది.

“వచ్చే బ్యాచ్‌కి ఇది నేర్పడం మానెయ్యమంటావా?” అని ఆమెను అడిగాను.

“నేర్పండి. నేర్పిన్నాడే దాని గుణం కూడా సెప్పండి. మేం పసిపిల్లలమేటి?”

ఓనరుకు ప్రోగ్రాం నచ్చింది. ఆమె మిషన్ల గదికి మారింది. నా క్లాసుకు మళ్లీ రాలేదు.