పిట్ట ముట్టని పూలు

ఆ బంగళా వరండాలో గాజు మూత కింద చచ్చిన పిట్టలు ఉండేవి. పచ్చగా, నీలంగా నిగనిగలాడే రెక్కలు, సూదుల్లాంటి ముక్కులు. ఎక్కడో అమెరికా ఖండంలో పట్టి, లోపల దూది కూరి తెచ్చారట. బతికున్నప్పుడు రెక్కలు ఝుమ్మనిపిస్తూ పువ్వు ముందు గాలిలోనే నిలబడి తేనె తాగుతాయట. దొరసాని వాటిని నాకు చూపించి, ఇలాంటి తేనెపిట్టలు తన తోటకి రావాలంది. వస్తే నాకు తోటపని. రాకపోతే మళ్ళీ చెరకు సాళ్ళలో గడ్డి తీసే టాస్కు, రోజుకింతని కొలిచి ఇచ్చే పని. అప్పుడు నాకు ఏడో నెల.

మేం గిర్మిటు మీద, అంటే కూలి ఒప్పందం మీద, ఫిజీ వచ్చి అప్పటికి ఆ గడువులో సగం గడిచింది. లబాసా నది ఇవతల ఒక చెరకు ఎస్టేటు మాది. మేమంతా ఉండే రేకుల గదుల వరసని లైను అనేవారు. ఒక గదిలో దగ్గితే మూడు గదుల అవతలివాళ్ళు పక్కమీద కదిలేవారు. మా ఆయన బంగళా వెనక గుర్రాల సాలలో పని చేసేవాడు. నేను ఆడవాళ్ళ ముఠాతో పొలానికి పోయేదాన్ని.

నా మొదటి కాన్పు నొప్పులు ఆ చెరకు సాళ్ళ మధ్యే మొదలయ్యాయి. టాస్కు పూర్తి కాలేదని మా ముఠా మీది మేస్త్రీ, సర్దారు, నన్ను కదలనివ్వలేదు. పుట్టిన ఆడపిల్ల సాయంత్రం దాకా బతికింది. మా ఆయన దాన్ని గుడ్డలో చుట్టి తీసుకుపోయి ఎక్కడో మట్టిలో పెట్టి వచ్చాడు. ఎక్కడని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఆ తర్వాత మళ్ళీ నీళ్ళోసుకున్నప్పుడు నాకు ఒక్కటే పంతం పట్టింది. ఈ బిడ్డ కడుపులో ఉండగా నేను చెరకు సాలులో కాలు పెట్టకూడదు.

ఎలాగా అని కుమిలిపోతుంటే దొరసాని గుర్రబ్బండిలో లైను పక్కనుంచి పోతూ మా గుమ్మం ముందు ఆగింది. గుమ్మం పక్కన మురుగునీరు పారేచోట నేను పెంచిన అరటి గెల వేసింది. ఆ అరటిపువ్వుకి ఒక బుల్లిపిట్ట వేలాడుతోంది. పిడికిట్లో ఇమిడిపోయేంత పిట్ట. నల్లటి ఒళ్ళు, నెత్తిమీద ఎరుపు, నడుం మీద ఎరుపు. దొరసాని నోరు తెరుచుకుని చూసింది. మర్నాడే నాకు బంగళా నుంచి కబురొచ్చింది.

దొరసాని ముందు తనకి తోచింది చేసింది. పింగాణీ సాసరులో పంచదార నీళ్ళు కలిపి వరండా గట్టుమీద పెట్టించింది. తెల్లని పంచదార! మేం నరికిన చెరకే అలా తెల్లబడి సీమకి పోతుందని వినడమే కాని, మా రేషనులో ఆ తెలుపు ఎప్పుడూ చూడలేదు. ఒళ్ళు మండింది. సాసరు చుట్టూ చీమలు బారులు తీరాయి, కందిరీగలు పడి చచ్చాయి, పిట్ట మాత్రం అటు తొంగి చూడలేదు. తర్వాత నా తెలివీ ప్రయోగించాను. మా ఊళ్ళో తాటిచెట్టు కల్లుముంతల మీద పిట్టలు వాలడం గుర్తుకొచ్చి, సన్నని వెదురు గొట్టంలో పంచదార నీళ్ళు పోసి, మూతి దగ్గర ఎర్రగుడ్డ చుట్టి, తాడుకి ఆముదం రాసి చూరుకి వేలాడదీశాను. చీమలు రాలేదు. పిట్టలూ రాలేదు. దొరసాని నా మొహం చూసింది, నేను దొరసాని మొహం చూశాను.

అసలు లోపం పూలలో ఉంది. బంగళా చుట్టూ దొరసాని నాటించినవన్నీ ముద్దమందారాలు. చూడ్డానికి బొద్దుగా ఉంటాయి కాని పిట్ట ముక్కు పెట్టడానికి దారుండదు. గుర్రాల సాల వైపు కంచెలో మాత్రం రేకమందారం పొదలు రెండు ఉన్నాయి. ఎర్రటివి, లోపల తేనె ఉండేవి. వాటికి సాయంత్రం మొగ్గలు కనిపించేవి. పొద్దున్నే నేను వెళ్ళేసరికి ఒక్క పువ్వూ ఉండేది కాదు. ఉత్త తొడిమలు. మందారం ఒక్కరోజు పువ్వు. పొద్దున పోతే ఇక ఆ రోజుకి పోయినట్టే. ముందు పురుగు అనుకున్నాను. కాని పురుగు తింటే రేకు మీద చిల్లులుంటాయి, తొడిమలు ఇలా గోటితో గిల్లినట్టు ఉండవు.

దొరసాని మొగుడు కులంబరు. అంటే మా మీద పెత్తనం చేసే తెల్లదొర. ఆడవాళ్ళ పిట్టల పిచ్చికి ఒక కూలీ చెయ్యి పొలంలో తక్కువవుతోందని మొదటినుంచీ ఆయనకి గుర్రు. ఆ శనివారం నా ఎదురుగానే భార్యతో ఏదో అరిచాడు. వంటవాడు నాకు హిందీలో చెప్పాడు. సోమవారానికి పిట్టలు రాకపోతే నేను పొలానికి. ఇంకొకటి, పూలదొంగ ఎవడో లైనువాడే, రేపు తెల్లారి తానే కుక్కని పట్టుకుని కాపు కాస్తాడట. ఆ కుక్క ఒకసారి ఒకతని పిక్క పట్టుకుంటే ఆ మనిషి జన్మంతా కుంటుతూనే నడిచాడు. పట్టుబడినవాడికి ఆ మీదట కోర్టు, జైలు కూడా.

దొంగకి ఆ కుక్క చేత బుద్ధి చెప్పించాలనే నాకూ ఉంది. నా బిడ్డ నోటి దగ్గర కూడు లాక్కుంటున్నవాడి మీద నాకేం జాలి?

ఆ మధ్యాహ్నం మా ఆయన పంచె ఉతుకుతున్నాను. నడుం దగ్గర మడత విప్పితే ఊదారంగు మరక. దాని మధ్య పసుపుపచ్చని పుప్పొడి, తడిసి జిగురుగా అంటుకుంది. నలిగిన మందారం మరకని నేను గుడ్డి కళ్ళతో కూడా పోల్చగలను. చేతిలో పంచె అలాగే పట్టుకుని రాతిమీద కూర్చుండిపోయాను. ముందు భయం వేసింది, ఆ వెంటనే కోపం తన్నుకొచ్చింది.

పొద్దుగూకే వేళకి ఆయన వచ్చాడు. అన్నం కూడా పెట్టలేదు.

"మావా, కంచె కాడ పూలు కోత్తన్నది నువ్వేనా?"

"మెల్లగా మాటాడు."

"నువ్వేనా అని అడుగుతన్నాను."

ఆయన గోడకి చేరగిలబడ్డాడు. "అమ్మోరికి మొక్కుకున్నాను. నీకు పురుడొచ్చేదాకా రోజూ ఎర్రమందారాలెడతానని. మొక్కు బయటికి సెప్పకూడదు కదేటి. అందుకే సెప్పనేదు."

"ఆ పూలు నేకపోతే పిట్టలు రావు. పిట్టలు రాకపోతే సోమవారం నన్ను సాళ్ళలోకి తోలేత్తారు. ఇంకేటి పురుడు?"

"నువ్వు లెగక ముందే కోసేత్తే నీకేటి నట్టం అనుకున్నాను."

"నాలుగు పూలు పిట్టలకొగ్గేయొచ్చు కదా! అవి తాగేక కోసుకో."

ఆయన మొహం ముడుచుకుంది. మా ఆయన సంగతి తెలిసినవాళ్ళకి ఆ ముడత ఎందుకో తెలుసు. ఓడలో అందరూ ఒకే పీపాలో ముంత ముంచుకు తాగుతుంటే రోజంతా నోరెండగట్టుకున్న మనిషి. "పిట్ట మూతెట్టిన పువ్వు ఎంగిలి. ఎంగిలి పువ్వు అమ్మోరికెట్టమంటావా? మొదటిపాలి ఎవురికీ మొక్కనేదు. అందుకే పిల్ల పోయింది."

"మొదటిపాలి టాస్కు సేయించేరు. అందుకే పోయింది!"

పక్కగదిలో మాటలు ఆగిపోయాయి. నేను గొంతు తగ్గించి కుక్క సంగతి చెప్పాను. రేపటికి కంచె దగ్గరికి పోవద్దని ఆయన కాళ్ళు పట్టుకున్నాను.

"అమ్మోరు సూసుకుంటాది," అన్నాడు.

"అమ్మోరు మనతోపాటు గిర్మిటు రాసి ఈ దీవికి రానేదు మావా!"

అలాంటి మాట నా నోట రావడం అదే మొదలు. ఆయన లేచి గుమ్మం దగ్గరికి పోయి నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. పోతాననీ అనలేదు, పోననీ అనలేదు. ఇద్దరం ఒక్క బిడ్డ కోసమే కొట్టుకుంటున్నాం. అది తెలిసి కూడా ఆ క్షణంలో ఆయన మొహం చూడాలనిపించలేదు.

తెల్లవారి మెలకువ వచ్చేసరికి పక్కన ఆయన లేడు. ఆదివారమైనా గుర్రాలకి సెలవుండదు కనుక రోజూలాగే పోయాడని నాకు నేను చెప్పుకున్నాను. కడుపు చేత్తో పట్టుకుని బంగళాకి ఎంత వేగంగా నడవగలనో అంత వేగంగా నడిచాను.

నేను వెళ్ళేసరికి వెలుతురు బాగా వచ్చింది. కులంబరు వరండా మెట్లమీద కూర్చున్నాడు. కుక్క గొలుసు ఆయన మణికట్టుకి చుట్టి ఉంది. దొరసాని వెనక కుర్చీలో శాలువా కప్పుకుని ఉంది. కంచె వైపు చూసే ధైర్యం నాకు ముందు కలగలేదు. చూశాక ఊపిరి ఆడింది. రెండు పొదల నిండా ఎర్రగా విచ్చుకున్న పూలు. ఒక్కటీ తెగలేదు.

అంతలో కంచె అవతల తలపాగా కదిలింది.

మా ఆయనే. చంకలో తట్ట. పొదముందు నిలబడి పూలకేసి చూస్తున్నాడు. ఎంతసేపటినుంచి నిలబడ్డాడో తెలియదు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన నన్ను చూడలేదు. చెయ్యి లేచింది. రెండు వేళ్ళు ఒక పువ్వు తొడిమని పట్టుకున్నాయి. కుక్క గుర్రుమంది.

అప్పుడు వచ్చింది పిట్ట. ఎటునుంచి వచ్చిందో చూడలేదు. ఆయన చేతికి జానెడు దూరంలో కొమ్మమీద వాలి, ఆయన పట్టుకున్న పువ్వులోకే ముక్కు దూర్చింది. గాజు మూత కింది పిట్టల జాతిలా గాలిలో నిలబడలేదు. మా దీవి పిట్ట, తాపీగా కొమ్మమీద కూర్చునే తాగింది. ఆయన వేళ్ళు ఇంకా తొడిమమీదే ఉన్నాయి. గిల్లితే చాలు.

ఆయన గిల్లలేదు. చెయ్యి తీస్తే పిట్ట బెదురుతుందని కాబోలు, తియ్యనూ లేదు. అలాగే ఉండిపోయాడు.

కులంబరు లేచాడు. "చోర్!" అని అరిచి గొలుసు విప్పబోయాడు. నేను అడ్డం పడ్డాను. "చోర్ నహీ సాహెబ్, ఖాద్ లాయా, ఖాద్!" అన్నాను. ఎరువు తెచ్చాడని. ఆ తట్టలో ఏముందో నాకు నిజంగా తెలియదు. వెనకనుంచి దొరసాని మొగుడి భుజంమీద చరిచి "చుప్!" అంది. దొరని ఎవరైనా అలా గదమాయించడం నేను చూసింది అదే మొదలు. ఆమె కళ్ళు పిట్ట మీదనుంచి కదల్లేదు. ఇంకో పిట్ట వచ్చింది. దాని వెనకే మూడోది. కులంబరు గొలుసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

పిట్టలు ఎగిరిపోయాక కులంబరు కంచె దగ్గరికి పోయి తట్ట వంచి చూశాడు. గుర్రపు లద్దె. పైన పూలు పెట్టుకోవడానికి కడిగిన అరటాకు. ఆకు సంగతి దొరకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

నా తోటపని నిలబడింది. ఆ వారంలోనే వెదురు గొట్టం కూడా పిట్టలు కనిపెట్టాయి.

ఆ ఆదివారం సాయంత్రం పూలు వాడి ముడుచుకుని పొదలకింద రాలాయి. మా ఆయన వచ్చి వాటిని ఏరి అరటాకులో పెట్టుకున్నాడు. "ఎంగిలివి కదేటి?" అన్నాను. ఇంకా నా కోపం పూర్తిగా చల్లారలేదు.

"రా," అన్నాడు.

గుర్రాల సాల వెనక వాగు గట్టుమీదికి తీసుకుపోయాడు. అక్కడ పసుపు రాసిన రాయి ఒకటి ఉంది. ఆయన అమ్మవారు. ఆ రాతి ముందు, గడ్డి శుభ్రంగా తీసి, చుట్టూ గులకరాళ్ళు పేర్చిన మట్టి. మూరెడు పొడవు కూడా లేదు. నేనేమీ అడగనక్కర్లేకపోయింది.

"దీన్ని సూసుకోమని అమ్మోరిని ఇక్కడెట్టాను," అన్నాడు. రాతిమీద మామిడాకులు పెట్టాడు. పూలు మాత్రం మట్టిమీద పెట్టాడు. "పొద్దున ఆ పిట్ట తాగతంటే నాకు సెయ్యి రానేదే. పాలు తాగే పిల్లని లాగేసినట్టుంటాది. అమ్మోరు ఆకులతో సరిపెట్టుకుంటాదిలే. పిల్లకి ఎంగిలేటి? బతికుంటే నీ ఎంగిలి తినే పెరిగును."

దాన్ని కన్నరోజున నేను ఏడవలేదు. ఆ సాయంత్రం ఏడ్చాను, ఆయన తువ్వాలు తడిసేదాకా.

కొడుకు పుట్టాడు. నేను ఆ నెలల్లో చెరకు సాలులో కాలు పెట్టలేదు. వాడికి మెడ నిలిచాక ఒక సాయంత్రం ఎత్తుకుని వాగు గట్టుకి పోయాం. మా ఆయన పూలు పెడుతుంటే వాడు నా ఒళ్ళోంచి వంగి ఒకటి లాక్కుని నోట్లో కుక్కుకున్నాడు. నేను కంగారుగా వేలు పెట్టబోతే ఆయన వద్దని, తానే మెల్లగా బయటికి తీశాడు. పువ్వంతా చొంగ. ఓడలో ఇంకొకరి ముంత ముట్టని ఆ మనిషి దాన్ని తుడవలేదు. అలాగే తీసుకెళ్ళి వాళ్ళక్క దగ్గర పెట్టాడు.