ఎవరూ ఓడిపోకూడని ఆట

మొన్న హన్మకొండలో చీర కొందామని వెళితే, దుకాణంలో అబ్బాయి నేతచీర మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది. మా ఆయన ధర అడుగుతూనే ఉన్నాడు, నేను మాత్రం వరంగల్‌లో మా నేతవాళ్ళ వాడకు, మా ఇంటి అరుగు మీదికి వెళ్ళిపోయాను.

మా నాన్న, మాకు బాపు, జంపఖానాలు నేసేవాడు. నేతలో తప్పుపడి వెనక్కి వచ్చిన ఎర్రచారల జంపఖానా ఒకటి మా అరుగు మీద ఎప్పుడూ పరిచి ఉండేది, అదే మా రాజ్యాలాటకు దేశం. ఒక్కో చార ఒక్కో సీమ, ఒక్కో చింతగింజ ఒక్కో సిపాయి. బడి పుస్తకంలోని పాత రాజ్యాలనే పంచుకున్నాం: మా అన్న సదానందానిది ఓరుగల్లు, నాది దేవగిరి, ఎదురింటి లత మాకంటే చిన్నది కాబట్టి మిగిలిపోయిన ఢిల్లీ దానికి. ఎండాకాలం తాటిముంజలు తింటూ, వానల్లో మక్కగారెల నూనె చేతులు లంగాకు తుడుచుకుంటూ, బతుకమ్మ పండక్కి సత్తుముద్ద లంచమిచ్చి సంధి చేసుకుంటూ ఏడాది పొడుగునా ఆడేవాళ్ళం. గెలిచిన ప్రతి చారలో ఒక గింజను కాపలా ఉంచి తీరాలి. రాజ్యం పెరిగేకొద్దీ చేతిలో దండు పలచబడేది, ఆశపోతు మా అన్న ఎక్కువసార్లు అక్కడే బోల్తాపడేవాడు.

అసలు కిటుకు వేరే ఉంది. మగ్గం ఉన్న ఇంట్లో పిల్లలకు ఊరికే కూర్చునే హక్కు లేదు. బడి నుంచి రాగానే రాట్నం ముందు కూర్చుని నూలును కండెలకు చుట్టాలి. మాతోపాటు లత కూడా మా ఇంట్లోనే చుట్టేది. ఆట నడిచినంతసేపూ మా నాయనమ్మ చూసీచూడనట్టు ఊరుకునేది గానీ, ఒకరి చివరి చార పోయిందో, గడపలోంచే కేకేసేది.

“రాజ్యం పోయినోళ్ళు లేసి రాండ్రి, కండెలు సుట్టాలె!”

ఒకరు లేచారంటే మిగిలిన ఇద్దరి యుద్ధం ఎంతసేపు? పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు, కాసేపట్లో ముగ్గురమూ నాయనమ్మ చేతికి చిక్కేవాళ్ళం. అందుకే అన్న బలిస్తే నేనూ లతా ఒకటయ్యేవాళ్ళం, నేను బలిస్తే వాళ్ళిద్దరూ కలిసేవారు. ఢిల్లీకి ఒక్క చారే మిగిలినప్పుడు అన్న నా చెయ్యి పట్టుకుని ఆపేవాడు.

“జర ఆగు, దాన్ని కొట్టకు. అది పోతే మనం గూడ పోతం.”

ఒక ఎండాకాలం నూలు రావడం ఆగిపోయింది. వాడంతా మగ్గాల చప్పుడు లేక చెవులు గుయ్యిమనేవి. బాపు అరుగు మీదికి వచ్చి, “ఆడుకోండ్రి బిడ్డా, సుట్టేటియి ఏం లేవు,” అన్నాడు. మాకు పండగే అనుకున్నాం. తీరా చూస్తే, ఓడినవాళ్ళను పిలిచేవాళ్ళే లేకపోవడంతో ఎవరినీ బతికించుకోవాల్సిన పని లేకపోయింది. అన్న పొద్దున్నే ఢిల్లీని ఊడ్చేసేవాడు, ఆ వెనకే నన్ను. రెండు రోజుల్లో ఆట మీద మాకు విసుగొచ్చింది. లత మాత్రం ఓడిపోయినా లేచేది కాదు, మధ్యాహ్నమైనా ఇంటికి వెళ్ళేది కాదు. దీనికి ఆట పిచ్చి బాగా ముదిరిందని నవ్వుకునేవాళ్ళం. వానాకాలం రాకముందే లత వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి మరమగ్గాల పనికి భివండీ వెళ్ళిపోయారు.

చీర కొన్న మర్నాడు లత నంబరు సంపాదించి ఫోన్ చేశాను. జంపఖానా, గింజలు, సంధులు, దాన్ని ఎన్నిసార్లు కాపాడామో, అన్నీ సంబరంగా చెప్పుకుపోయాను. అంతా విన్నాక లత అంది.

“ఆట యాదికి లేదక్కా. మీ అమ్మ అన్నానికి పిలుస్తదేమోనని కూసునేదాన్ని. గదే యాదికున్నది.”

ఆ ఎండాకాలం మా కుండలోనూ అన్నం అడుగునే ఉండేది. అమ్మ అన్ననూ నన్నూ ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, తలుపు దగ్గరికి వేసి ఇంత ముద్ద పెట్టేది. ఆ వాడలో ఇప్పుడు మగ్గం లేదు, మా అరుగూ లేదు. ఆ ఆటైనా నాకు మిగిలిందనుకున్నాను, నిన్నటితో అదీ పోయింది.