పాచి పరువు

తార్నాక చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉంటే నర్సింహ సైకిల్ ఆపాడు. యూనివర్సిటీలో చెట్లూ మొక్కల చదువు చెప్పే విభాగంలో అటెండరు.

"ఏం మేస్త్రీ, సారు దినానికి గూడ రాలే?"

"ఏ సారు?" అన్నాను. ఏ సారో నాకు తెలుసు. అయినా అడిగాను.

"ఇంకే సారు, మన పాచి సారు. పోయి పన్నెండు దినాలాయె. నీకు ఎవ్వలూ చెప్పలేదా?"

ఎవరు చెబుతారు? రెండేళ్లుగా నేను ఆ వైపు వెళ్లలేదు. నేను ఎక్కాల్సిన బస్సు వచ్చింది, వెళ్లిపోయింది.

ఆయన్ను ఎరగని మీకు మొదటినుంచీ చెప్పాలి. నేను చదివింది నాలుగో తరగతి. మిగిలిన చదువు రంగు డబ్బాల మీదా పాత పేపర్లలోనూ చదువుకున్నాను. రేకుల షెడ్డులో చీరలకు రంగు వేస్తాను. ఏ రంగు, ఎన్ని నీళ్లు, ఎంతసేపు అన్నది ఏ రోజుకారోజు నోటుబుక్కులో రాస్తాను. మాట్లాడటం కంటే నాకు అదే సులువు.

ఆయన నర్సింహ పనిచేసే విభాగంలోనే పాఠాలు చెప్పేవారు. తొంభైల మొదట్లో ఒక మధ్యాహ్నం గాజుసీసా నిండా పచ్చటి నీళ్లతో షెడ్డుకు వచ్చారు.

"దీంతో పట్టుగుడ్డకి రంగు ఎక్కించగలరా మేస్త్రి గారూ?"

మూత తీసి వాసన చూశాను. "ఇది పాచి గదా సారూ. పొద్దుగాల లేస్తే మొకం మీది పాచి కడుక్కుంటం, గిన్నెల పాచి తోముతం. గసొంటిది చీరకు పెడితే ఎవలు కడ్తరు?"

ఆయన కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. "మా ఆవిడ ఉన్నప్పుడు అచ్చం ఇలాగే అనేదండీ. అందరూ కడిగి పారేసేవాళ్లే, దాని మొహం చూసినవాడు లేడు. మనం చూద్దాం."

విభాగం వెనక నాలుగు సిమెంటు తొట్లలో ఆయన పాచి పెంచేవారు. దాన్ని వడగట్టి, నీడన ఆరబెట్టి, మళ్లీ నీళ్లలో నానబెడితే పచ్చదనం అడుక్కి దిగి నీలం పైకి తేరేది. సీసాను వెలుతురుకు ఎత్తి చూస్తే నీలం, పక్కనుంచి చూస్తే లోపల ఎర్రటి మెరుపు. నేను వేసే కంపెనీ రంగుల్లో అలాంటిది చూడలేదు. ఆ రంగుల కడుగునీళ్లు మా షెడ్డు వెనక మోరీలో కలిసేవి. ఆయన ఎప్పుడు వచ్చినా ముందు దాన్ని తొంగిచూసి, "ఇవాళ ఎరుపు. పెళ్లి చీరలన్నమాట" అనేవారు. తిట్టేవారు కాదు. తిడితేనే బాగుండేది.

మొదటిసారి నేను చేసిన పని చెబితే మీరు నవ్వుతారు. మా నాయన నేర్పినట్టు రంగునీళ్లు తెర్లేదాకా కాచాను. నెల రోజులు పెంచిన పాచి నీలం గంజినీళ్లలా అయిపోయింది. ఆయన గిన్నెలోకి చూసి, "ఇది బతికున్న రంగండీ. మన ఒంటివేడి దాటితే బెదిరిపోతుంది" అన్నారు, అంతే.

మధ్యాహ్నం తొట్టి గట్టు మీద కూర్చుని టిఫిన్ బాక్సు మూతలో నాకు సగం పెరుగన్నం పెట్టేవారు. ఇంట్లో ఒక్కడే తింటుంటే గడియారం చప్పుడు వినిపిస్తుందట. శనివారం నా నోటుబుక్కు తీసుకుని అందులోని లెక్కలన్నీ తన పుస్తకంలోకి ఎక్కించుకునేవారు. నా రాతను అంత శ్రద్ధగా చదివినవారు మరొకరు లేరు.

ఒక శుక్రవారం ఆయన పాచి నీలం ఎక్కించిన పట్టుగుడ్డను విభాగంలో పెద్దలకు చూపించాలి. వాళ్లు ఒప్పుకుంటే ఇంకో నాలుగు తొట్లు ఇస్తారు, లేకపోతే ఉన్నవీ తీసేస్తారు. గురువారం నేను ఆరేసిన చోటికి ఎండ మళ్లి, సాయంత్రానికి నీలం వెలిసిపోయింది. పదేళ్లుగా ఆయన పడ్డ పాటు గుర్తొచ్చింది. చిటికెడు కంపెనీ నీలం కలిపి గుడ్డను ముంచాను.

పెద్దలు మెచ్చుకున్నారు. తొట్లు ఇస్తామన్నారు. శనివారం ఆయన నోటుబుక్కు తెరిచారు.

"గురువారం పేజీ ఖాళీగా ఉందేమండీ? ఒంట్లో బాగోలేదా?"

"బాగనే ఉంటి సారూ." అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు, నిజం రాయడానికీ రాలేదు. చెప్పేశాను.

ఆయన నోటుబుక్కు మూసి నా చేతిలో పెట్టారు. తరువాత, "నా పరువు కాపాడారు మేస్త్రి గారూ. పాచి పరువు తీశారు" అన్నారు.

సోమవారం ఆయన గది గదికీ వెళ్లి ఆ గుడ్డ నిజం కాదని చెప్పారట. పొరపాటు తనదేనన్నారట. నా పేరు ఎక్కడా రాలేదు. పాచి సారు అనే పేరు అప్పుడే పడింది. మూడు తొట్లు పోయాయి.

నేను వెళ్లడం మానేశాను. ఒకసారి ఆయన షెడ్డుకు వచ్చారు. నేను లేనని చెప్పమని నా భార్యకు సైగ చేసి గోనెల వెనక కూర్చున్నాను. ఆయన గొంతు వినిపించింది. "ఏం లేదమ్మా. బాక్సు ఎప్పట్లాగే తెస్తున్నానని చెప్పండి."

ఆ మాట విని కూడా వెళ్లలేదు. ఇది రాయడానికి కూర్చున్నది ఈ ఒక్క వాక్యం కోసమే.

చౌరస్తాలో కబురు చెప్పిన మరునాడు నర్సింహ నన్ను విభాగం వెనక ఉన్న చీకటిగదికి తీసుకెళ్లాడు. "నువ్వు రానికాడ్నుంచి సారు ఒక్కడే ముంచుకుంటుండె. చెయ్యి తిరగకపాయె, పాపం."

గోడనుంచి గోడకు తాడు, దాని మీద వరసగా పట్టుముక్కలు. ఒక్కోదానికి చీటీ: ఎన్ని నీళ్లు, ఎంతసేపు. రంగు మాత్రం అన్నిటా మచ్చలు మచ్చలుగా పట్టింది. చూడగానే తెలిసింది. పొడిగుడ్డను తిన్నగా రంగులో ముంచారు. ముందు మంచినీళ్లలో తడిపి పిండాలి. అది నా నోటుబుక్కులో ఎక్కడా లేదు. రోజూ చేసే పని, రాయాలని నాకు తోచలేదు. గోనెల వెనకనుంచి లేచి వచ్చి ఒక్కమాట చెబితే సరిపోయేది.

ఒక్కో ముక్కా చూసుకుంటూ తాడు చివరికి వెళ్లాను. ఆఖరి ముక్కకు మచ్చ లేదు. ఆ కొసనుంచి ఈ కొసకు ఒకే తీరుగా పలచటి నీలం. చీటీ మీద లెక్కలకు ముందు, ఆయన గుండ్రటి అక్షరాల్లో 'ముందు తడపాలి' అని ఉంది.

తెరిచిన తలుపులోంచి ఎండ దాని మీద పడుతోంది. వెలిసిపోతుందని తలుపు మూసి, లోపలే నిలబడ్డాను.